కొన్నది మనం, తాళంచెవి మరొకరిది
పాత ల్యాప్‌టాప్‌లలో నిద్రపోతున్న గ్రాఫిక్స్ కార్డులు - లినక్స్‌కు మారినవారి అగచాట్లు

కోల్‌కతా: నగరం నడిబొడ్డున చాందినీ చౌక్ మెట్రో స్టేషన్ నుంచి బయటికి వచ్చి నాలుగడుగులు వేస్తే కంప్యూటర్ల బజారు మొదలవుతుంది. ఇరుకు సందులు, ఫుట్‌పాత్ మీదికి చొచ్చుకువచ్చిన దుకాణాలు, ఒకదానిపై ఒకటి పేర్చిన ల్యాప్‌టాప్‌లు, పక్కనే చిన్న బల్ల వేసుకొని మరమ్మతులు చేసే కుర్రవాళ్లు. కొత్త సరుకుతోపాటు ఒకరు వాడి వదిలేసిన సరుకు కూడా ఇక్కడ దొరుకుతుంది. కొత్త ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేని విద్యార్థులు, చిన్న వ్యాపారులు, యానిమేషన్, డిజైన్ పనులు నేర్చుకునే యువకులు ఈ బజారును ఆశ్రయిస్తారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ కనిపిస్తే కొంత ఎక్కువ పెట్టి అయినా కొనడానికి వీరు సిద్ధపడతారు.

అలా కొన్న యంత్రం ఇప్పుడు రెండు వైపుల నుంచి చిక్కుల్లో పడింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు నిలిపివేసింది. భద్రతా సవరణలను కొంతకాలం పొడిగించే పథకం ఒకటి ఉన్నప్పటికీ అది తాత్కాలికమే. విండోస్ 11 వేసుకుందామంటే ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం, ఆ తర్వాతివి ఉండాలన్నది నిబంధన. ఒకటి రెండు మినహాయింపులు తప్పిస్తే, 2017 ప్రాంతంలో ఏడో తరం ప్రాసెసర్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లన్నీ ఈ గీతకు అవతలే మిగిలిపోయాయి. యంత్రం చెడిపోలేదు, మెమరీ చాలినంత ఉంది, తెర బాగానే వెలుగుతోంది. ఈ పరిస్థితిలో ఉచితంగా లభించే లినక్స్ వైపు చూడటం సహజం.

లినక్స్ వేశాక తెర వెలుగుతుంది, ఇంటర్నెట్ వస్తుంది, తెలుగు, బెంగాలీ అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. కానీ ఎక్కువ డబ్బు పోసి కొన్న ఆ గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఉలకదు, పలకదు. అన్నీ ఉన్నాయి కానీ అల్లుడి నోట్లో శని అన్న సామెత చందంగా ఉంటుంది వ్యవహారం. దీనికి కారణం తెలుసుకోవాలంటే ల్యాప్‌టాప్ లోపలి ఏర్పాటును కొంత పరిశీలించాలి.

ఇద్దరు పనివాళ్లు, ఒకటే తెర

విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లో నిజానికి చిత్రాలు గీసే పనివాళ్లు ఇద్దరుంటారు. ఒకటి ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే చిన్న గ్రాఫిక్స్ విభాగం. ఇది తక్కువ విద్యుత్తుతో ఉత్తరాలు రాయడం, సినిమా చూడటం వంటి పనులు చక్కబెడుతుంది. రెండోది విడి కార్డు. వీడియో కూర్పు, త్రీడీ బొమ్మలు, ఆటలు, కృత్రిమ మేధకు సంబంధించిన లెక్కలు వంటి బరువు పనులకు ఇది అవసరమవుతుంది. బ్యాటరీని మాత్రం త్వరగా ఖర్చు చేస్తుంది.

అవసరమైనప్పుడే విడి కార్డును మేల్కొలిపి, మిగతా సమయంలో నిద్రపుచ్చే ఏర్పాటును ఎన్‌విడియా సంస్థ 2010లో ఆప్టిమస్ పేరుతో ప్రవేశపెట్టింది. అనేక ల్యాప్‌టాప్‌లలో విడి కార్డుకూ తెరకూ నేరుగా తీగ ఉండదు. అది గీసిన చిత్రాన్ని చిన్న విభాగానికి అందిస్తే, తెర మీద చూపించేది ఆ చిన్న విభాగమే. అంటే ఈ ఇద్దరి మధ్య రాయబారం నడిపే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. కార్డుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీగా వ్యవహరించే ఈ సాఫ్ట్‌వేర్‌నే డ్రైవర్ అంటారు. విండోస్‌కు ఆ డ్రైవర్‌ను సంస్థే ఇచ్చింది. లినక్స్‌కు ఆప్టిమస్ సౌకర్యం మొదట్లో ఇవ్వలేదు. కార్డు లోపల ఏ మీట ఎక్కడుందో తెలిపే పత్రాలను కూడా బయటపెట్టలేదు.

ఒక్క ఖాళీ తెచ్చిన ముప్పు

సంస్థ చేయని పనిని స్వచ్ఛంద కార్యకర్తలు తలకెత్తుకున్నారు. 2005 ప్రాంతంలోనే మొదలైన నూవో అనే ప్రయత్నం ఇందులో ముఖ్యమైనది. కార్డుకు సంస్థ డ్రైవర్ పంపే ఆదేశాలను గమనించి, ఏ ఆదేశానికి ఏ ఫలితం వస్తున్నదో రాసుకుంటూ, ఆ సమాచారంతో సొంత డ్రైవర్ తయారుచేసే పద్ధతి ఇది. తాళంచెవి లేనివాడు తాళం కప్పకు చెవి ఆనించి చప్పుడు వింటూ తాళం తీయడం వంటిది. 2010 ఫిబ్రవరిలో విడుదలైన లినక్స్ కెర్నెల్‌లో నూవోకు చోటు లభించింది.

ఆప్టిమస్ ల్యాప్‌టాప్‌ల కోసం 2011లో బంబుల్‌బీ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ వెలువడింది. దాని తొలినాళ్లలో జరిగిన ఒక ప్రమాదాన్ని లినక్స్ వాడేవారు ఇప్పటికీ చెప్పుకొంటారు. స్థాపన ఆదేశాలలో ఒకచోట పొరపాటున ఒక్క ఖాళీ అదనంగా పడింది. ఫలానా ఫోల్డరులోని ఫలానా వస్తువును తొలగించమని చెప్పవలసిన ఆదేశం, ఆ ఖాళీ కారణంగా, ప్రోగ్రాములన్నీ ఉండే పెద్ద ఫోల్డరునే తొలగించమన్న అర్థం తెచ్చుకుంది. దాన్ని నడిపినవారి కంప్యూటర్లలో వ్యవస్థ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. పొరపాటును వెంటనే సరిదిద్దారు. అయితే ఒక వాణిజ్య సంస్థ చేయవలసిన పని అభిమానుల భుజాల మీద పడితే, ఆ భారాన్ని చివరకు మోయవలసింది వాడకందారే అన్న సంగతి దీనితో స్పష్టమైంది.

2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ప్రసంగించారు. ఆప్టిమస్ ల్యాప్‌టాప్ కొని ఇబ్బంది పడిన ఒక శ్రోత ఈ ప్రశ్నే లేవనెత్తారు. తాము వ్యవహరించిన హార్డ్‌వేర్ సంస్థలన్నింటిలో ఎన్‌విడియాయే అధ్వానమైనదని టోర్వాల్డ్స్ ఆగ్రహం వెలిబుచ్చారు. కెమెరా వైపు తిరిగి అనుచితమైన సైగ కూడా చేశారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది.

అదే ఏడాది ఈ రంగంలో ఒక భారతీయుని కృషి కూడా నమోదైంది. ఒక పరికరం తయారుచేసిన చిత్రాన్ని మరో పరికరం నకలు తీయకుండానే వాడుకునే డీఎంఏ-బఫ్ అనే ఏర్పాటును ఇంజనీరు సుమిత్ సెమ్వాల్ లినక్స్ కెర్నెల్‌కు సమకూర్చారు. ఇద్దరు పనివాళ్ల మధ్య చిత్రాల బదిలీకి ఇది పునాది అయింది. దీనిని వాడుకోవాలని ఎన్‌విడియా కూడా కోరింది. అయితే మూలరచన బయటపెట్టే డ్రైవర్లకు మాత్రమే అనుమతి అంటూ కొందరు కెర్నెల్ నిర్మాతలు అభ్యంతరం చెప్పారు. వివాదం ఏ స్థాయికి వెళ్లిందో దీనిని బట్టి ఊహించవచ్చు.

తలుపు తెరుచుకున్నది కొత్తవారికే

కాలక్రమంలో వైఖరి మారింది. అవసరమైన ప్రోగ్రామును మాత్రమే విడి కార్డుపై నడిపే సదుపాయాన్ని ఎన్‌విడియా 2019లో తన లినక్స్ డ్రైవర్‌లో చేర్చింది. 2022 మే నెలలో డ్రైవర్‌లోని కెర్నెల్ భాగం మూలరచనను బహిర్గతం చేసింది. 2024లో వెలువడిన 560 శ్రేణి నుంచి కొత్త కార్డులకు ఈ బహిరంగ భాగాన్నే ప్రధానం చేసింది. దానికి పైన ఉండే పొరలు మాత్రం ఇప్పటికీ సంస్థ గుప్పిట్లోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి నూవోను నిర్వహించిన బెన్ స్కెగ్స్ 2024లో ఎన్‌విడియాలోనే చేరడం కాలం తెచ్చిన మార్పుకు నిదర్శనం.

కానీ ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఈ బహిరంగ భాగం 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం కార్డులకు, ఆ తర్వాతి వాటికి మాత్రమే పనిచేస్తుంది. అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 శ్రేణులు మొదలుకొని పైవాటికే. చాందినీ చౌక్ వంటి బజార్లలో చేతులు మారే 2017 నాటి ల్యాప్‌టాప్‌లలో ఉండే జీటీఎక్స్ 1050, 1060 వంటి కార్డులు పాస్కల్ తరానికి చెందినవి. వాటికి బహిరంగ డ్రైవర్ లేదు. పాత గోప్య డ్రైవర్ కూడా 580 శ్రేణితో ఆగిపోయింది. ఇకపై వాటికి పరిమితమైన సవరణలే తప్ప కొత్త సదుపాయాలు రావు. 2025 డిసెంబరులో ఆర్చ్ లినక్స్ తన డ్రైవర్‌ను 590 శ్రేణికి మార్చినప్పుడు, పాస్కల్, అంతకు ముందు తరాల వారు పాత డ్రైవర్‌కు మారకపోతే తెర పనిచేయకపోవచ్చునని హెచ్చరించవలసి వచ్చింది.

పోనీ నూవోతో సరిపెట్టుకుందామన్నా వీలులేదు. 2014 చివరి నుంచి వచ్చిన కార్డులలో వేగాన్ని పెంచే విభాగం సంస్థ సంతకం చేసిన ఫర్మ్‌వేర్‌ను తప్ప మరి దేనినీ అంగీకరించదు. ట్యూరింగ్ తరం నుంచి ఈ ఇబ్బంది తొలగింది. మధ్యలో ఉన్న పాస్కల్ కార్డులు మాత్రం నూవో కింద మెలకువ వచ్చిన వేగంతోనే కుంటుతూ నడుస్తాయి. విండోస్ 11 గడప దాటలేకపోయిన ల్యాప్‌టాప్‌లు, లినక్స్‌లో కొత్త తలుపు తెరుచుకోని ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఒకటే కావడం గమనార్హం. కలిగినవారి కొత్త కార్డుకు స్వేచ్ఛ వచ్చింది, లేనివారి పాత కార్డు గడువు చెల్లిన సరుకయింది.

వేరే దారి లేక ఇలా జరిగిందని చెప్పడానికి వీలులేదు. ఏటీఐని 2006లో కొనుగోలు చేసిన ఏఎండీ, 2007 సెప్టెంబరులో కార్డుల సాంకేతిక పత్రాలను బహిర్గతం చేస్తామని ప్రకటించింది. నేడు ఏఎండీ కార్డుల డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లోనే భాగం. దాని ఫలితం ఏమిటో 2025లో కనిపించింది. 2012 ప్రాంతంలో వచ్చిన ఏఎండీ కార్డులను సైతం నూతన డ్రైవర్‌తో నడిపేందుకు వాల్వ్ అనే ఆటల సంస్థకు పనిచేసే ఒక ఇంజనీరు మెరుగుదలలు చేసి కెర్నెల్‌లో చేర్పించారు. తయారీదారు మరచిపోయిన కార్డుకు మరొకరు ప్రాణం పోయగలిగారంటే, దాని వివరాలు అందరికీ అందుబాటులో ఉండటమే కారణం.

కార్డును మేల్కొలపడం ఎలా?

ఇప్పటికే ల్యాప్‌టాప్ కొన్నవారు నిరాశ చెందనవసరం లేదు. క్రమపద్ధతిలో వెళ్తే పాస్కల్ కార్డు కూడా లినక్స్‌లో పూర్తి వేగంతో పనిచేస్తుంది.

మొదట కార్డు పేరు కచ్చితంగా తెలుసుకోవాలి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆదేశం ఇస్తే లోపలి పరికరాల జాబితా వస్తుంది. దుకాణదారు చెప్పిన మాట కన్నా ఈ జాబితా నమ్మదగినది. కార్డు ఏఎండీది లేదా ఇంటెల్‌ది అయితే సాధారణంగా వేరే డ్రైవర్ వెతకవలసిన పనిలేదు. ఎన్‌విడియాది అయితే తరాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ట్యూరింగ్, ఆ పైవాటికి తాజా శ్రేణి. మాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకు 580 శ్రేణి.

రెండవది, డ్రైవర్‌ను సంస్థ వెబ్‌సైటు నుంచి నేరుగా తెచ్చి వేయడం కన్నా, తాము వాడే లినక్స్ పంపిణీ అందించే చోటు నుంచే తీసుకోవడం క్షేమం. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అనే విభాగం ఉంది. డెబియన్‌లో నాన్-ఫ్రీ విభాగాన్ని, ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే భాండారాన్ని ముందుగా చేర్చుకోవాలి. ఇలా చేస్తే కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్ కూడా దానికి తగినట్లు మారుతుంది.

మూడవది, చాలామంది బోల్తా పడే చోటు సెక్యూర్ బూట్. సంతకం లేని డ్రైవర్‌ను ఇది లోపలికి రానివ్వదు. డ్రైవర్ వేసేటప్పుడు ఒక సంకేతపదం పెట్టుకోమంటుంది. ల్యాప్‌టాప్ మళ్లీ మొదలైనప్పుడు నీలిరంగు తెర మీద ఎన్‌రోల్ ఎంఓకే అన్న ఎంపిక కనిపిస్తుంది. అక్కడ ఆ సంకేతపదం ఇచ్చి అనుమతించాలి. కంగారులో దానిని దాటవేస్తే డ్రైవర్ డిస్కులో ఉంటుంది కానీ పనిలోకి రాదు. అన్నీ సరిగానే చేశాం, కార్డు మాత్రం పలకలేదు అని వాపోయేవారు ముందుగా చూసుకోవలసినది ఇదే.

నాలుగవది, ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ అనే ఆదేశం ఇస్తే కార్డు పేరు, మెమరీ, వేడిమి వివరాలతో ఒక పట్టిక రావాలి. వస్తే కార్డు మేల్కొన్నట్లే. ఆ తర్వాత ఉబుంటులో ప్రైమ్-సెలెక్ట్ అనే సాధనంతో ఎప్పుడూ విడి కార్డే, ఎప్పుడూ చిన్న విభాగమే, అవసరమైనప్పుడు మాత్రమే అన్న మూడు పద్ధతులలో ఒకటి ఎంచుకోవచ్చు. మూడోది బ్యాటరీకి మేలు. అనేక ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ రంధ్రం విడి కార్డుకే కలిపి ఉంటుంది. బయటి మానిటర్ వెలగకపోతే తీగను నిందించే ముందు డ్రైవర్‌ను పరీక్షించాలి.

కెర్నెల్ మారిన తర్వాత తెర నల్లగా మిగిలిపోతే బెంబేలెత్తవద్దు. ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ జాబితా నుంచి పాత కెర్నెల్‌ను ఎంచుకొని లోపలికి వెళ్లి, డ్రైవర్‌ను మళ్లీ వేసుకోవచ్చు. ఏ మార్పు చేసే ముందైనా సొంత ఫైళ్లకు నకలు తీసిపెట్టుకోవడం తప్పనిసరి. 2011 నాటి ఆ ఒక్క ఖాళీ నేర్పిన గుణపాఠం ఇదే.

నగరానికి తెలిసిన పాఠమే

వచ్చిన యంత్రం లోపలి మర్మం మనవాళ్లకు తెలిసి ఉండాలన్న పట్టుదల ఈ నగరానికి కొత్త కాదు. దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ హెచ్‌ఈసీ-2ఎం, 1955-56లో అప్పటి కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థకు బ్రిటన్ నుంచి వచ్చింది. దానిని నిలబెట్టి నడిపించింది సంస్థ ఇంజనీర్లే. పదేళ్లు తిరగకముందే జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఆ సంస్థ ఐఎస్‌ఐజేయూ-1 అనే ట్రాన్సిస్టర్ కంప్యూటర్‌ను స్వయంగా రూపొందించింది. 1966లో అది పనిలోకి వచ్చింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు, వందలాది సంస్థలలోని ఆ యంత్రాల నిర్వహణను ప్రభుత్వరంగంలోని సీఎంసీ చేపట్టింది. హైదరాబాద్ వాసులకు సీఎంసీ పేరు చిరపరిచితమే. తయారీదారు చేయి విడిచినా యంత్రాలు ఆగిపోకుండా చూసే సత్తా ఉండాలని ఆనాడే ప్రభుత్వం గుర్తించింది.

నేడు అదే నగరంలో సాల్ట్ లేక్‌లోని ఎస్.ఎన్.బోస్ జాతీయ మౌలిక విజ్ఞాన కేంద్రంలో పరమ్ రుద్ర సూపర్ కంప్యూటర్ ఉంది. 2024 సెప్టెంబరు 26న ప్రధాని జాతికి అంకితం చేసిన మూడు యంత్రాలలో ఇది ఒకటి. మిగతా రెండు పుణె, ఢిల్లీలలో ఉన్నాయి. ప్రపంచంలోని మేటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రూ.10,371.92 కోట్లతో ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్‌లో ప్రధాన భాగం గ్రాఫిక్స్ ప్రాసెసర్లను సమకూర్చడమే. మొదట 10 వేలు అనుకున్నవి 38 వేలకు పైగా సమకూరినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఆ భారీ యంత్రాలను నడిపేవారు కావాలంటే యువకులు ముందుగా తమ చిన్న యంత్రాల మీదే చేయి తిప్పుకోవాలి. లినక్స్ మీద గ్రాఫిక్స్ కార్డును మేల్కొలిపి దానితో లెక్కలు చేయించడమే అందులో తొలి పాఠం. ఆ పాఠం నేర్పే పాత కార్డుకు కూడా గడువు తరుముకొస్తోంది. ఎన్‌విడియా కార్డులపై లెక్కలు చేయించే కూడా సాధనం 2025లో వెలువడిన 13వ రూపంలో పాస్కల్ తరాన్ని వదిలేసింది. పాత కార్డుల వారు 12వ రూపంతోనే నేర్చుకోవలసి ఉంటుంది. నేర్చుకోవడానికి అది ఇప్పటికీ చాలు.

కొనేటప్పుడే అడగాలి

ల్యాప్‌టాప్ ధర, మెమరీ, బ్యాటరీ గురించి అడిగేవారు ఇకపై మరో మూడు ప్రశ్నలు వేయాలి. విడి కార్డు ఏ తరానిది? లినక్స్‌లో దాని డ్రైవర్ బహిరంగమైనదా, గోప్యమైనదా? గోప్యమైనదైతే ఏ శ్రేణి వరకు, ఎంతకాలం మద్దతు ఉంది? ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసుకొని వెళ్లి దుకాణంలోనే ఆ ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టి చూస్తే కార్డు పేరు, తెర, వైఫై సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది.

ప్రభుత్వాల బాధ్యత ఇంతకన్నా పెద్దది. బహిరంగ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. విద్యార్థులకు, కార్యాలయాలకు వేల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు కొనే సమయంలో డ్రైవర్ల మూలరచన బహిరంగంగా ఉండాలని, మద్దతు నిలిపివేసే రోజున సాంకేతిక పత్రాలు విడుదల చేయాలని టెండరులో ఒక నిబంధన చేర్చితే, ఒక్క వాడకందారు అడిగితే వినని సంస్థలు అప్పుడు వింటాయి. అంతవరకు చాందినీ చౌక్‌లో ల్యాప్‌టాప్ కొన్న విద్యార్థి చేతిలో యంత్రం ఉంటుంది, రశీదు ఉంటుంది. తాళంచెవి మాత్రం సముద్రాల అవతలే ఉంటుంది.